ఇంటి ముందు మెకానిక్ షెడ్డు



ఈ నెల మనము ఆలోచించబోయే విషయము ఒక తల్లి వ్రాసిన ఉత్తరము నుండి వచ్చినది. ఆమె కుమారుడు పదవ తరగతితో చదువు ఆపి, దగ్గరి పట్టణములో ఒక మేస్త్రి దగ్గర నాలుగేళ్ళు మోటారు సైకిళ్ళ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇంటి ముందున్న ఖాళీ స్థలములో నాలుగు రేకులు వేసుకొని సొంతముగా షెడ్డు పెట్టుకుంటానంటున్నాడు. తండ్రికి అది ఇష్టము లేదు. "ఉన్న అరెకరము అమ్మి టౌనులో పెద్ద షాపు పెట్టిస్తాను, లేదంటే అప్పు చేసి గల్ఫుకు పంపిస్తాను. అంతేగాని ఇంటి గుమ్మములో గ్రీజు మరకలేమిటి? నలుగురూ ఏమనుకుంటారు?" అంటున్నాడట. రెండు నెలలుగా తండ్రీ కొడుకులు ఒకేసారి భోజనానికి కూర్చోవడము లేదు. "ఎవరి పక్షము మాట్లాడను అయ్యగారూ?" అని ఆ తల్లి అడుగుచున్నది.

ఇటువంటి ప్రశ్న మన పల్లెలలో అనేక కుటుంబములలో ఉన్నది. చేతిలో పని ఉన్న యువకులున్నారు, చేతిలో డబ్బు లేని తండ్రులున్నారు. కావున ఆ సహోదరికి ఒక మాటలో జవాబు వ్రాసి ఊరుకొనక, ఈ పని యొక్క మంచి చెడ్డలు అందరికీ ఉపయోగపడునట్లు కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

పని చిన్నది కాదు

ముందుగా తండ్రిగారి మనస్సులోని బాధను గూర్చి మాట్లాడుకుందాము. మరకలు పడిన చేతులు చిన్నతనమని మనలో చాలామంది తలంచుదురు. అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణమునకు వచ్చినప్పుడు అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తల ఇంట బసచేసి వారితో కలిసి డేరాలు కుట్టినట్లు మనకు తెలుసు. అది ఇంటిలోనే జరిగిన చేతిపని, భార్యాభర్తలు ఇద్దరూ కలిసి చేసిన పని. అట్టి ఇంటిని ఎవరూ చిన్నచూపు చూడలేదు. చేతిపని చేసే ఇల్లు గౌరవమైన ఇల్లే.

ఇక అవసరము సంగతి. ఒకప్పుడు ఊరికి ఒకటి రెండు మోటారు సైకిళ్ళు ఉండేవి. ఇప్పుడు కూలికి వెళ్ళేవారికి, పాలు పోసేవారికి, కూరగాయల గంపలు కట్టుకొని సంతకు వెళ్ళేవారికి, అందరికీ బండి కావాలి. టి.వి.ఎస్. ఎక్సెల్ మీద రెండు ఎరువుల బస్తాలు వేసుకొని గట్టు వెంబడి వెళ్ళే రైతును మనము రోజూ చూచుచున్నాము. 1994లో వచ్చిన స్ప్లెండర్ రకము బండి నేటికీ పల్లె రోడ్డు మీద తిరుగుచునే ఉన్నది. ఇట్టి బండి పొద్దున్నే స్టార్టు కాకపోతే ఆ ఇంటిలో ఆనాటి కూలి పోయినట్లే. పది పన్నెండు కిలోమీటర్లు నెట్టుకొని పట్టణమునకు పోకుండా ఊరిలోనే బాగుచేసేవాడు ఉంటే అది ఊరంతటికీ మేలు.

అయితే అవసరము ఉన్నంత మాత్రాన ప్రతి షెడ్డూ నిలబడదు. రేకులు వేసిన ఏడాదికే తాళము పడిన షెడ్లను కూడ మేము చూచియున్నాము. వాటిలో పని రాక మూతపడినవి తక్కువ. అప్పు వలన, అరువు వలన, ఇంటిలోని తగవుల వలన మూతపడినవే ఎక్కువ. కావున ఒక్కొక్కటి చూద్దాము.

ముందు పని, తరువాత రేకులు

నాలుగేళ్ళు మేస్త్రి దగ్గర ఉన్నాడన్నంతలో పని వచ్చినట్లు కాదు. కొందరు నాలుగేళ్ళూ బండ్లు కడగడము, పంక్చర్లు వేయడము, టీ తేవడములోనే గడిపియుందురు. షెడ్డు పెట్టబోవు యువకుడు తన్ను తాను ఈ ప్రశ్నలు అడుగుకొనవలెను. ఇంజను విప్పి పిస్టన్ రింగులు మార్చి, మరల బిగించి, ఎవరి సహాయము లేకుండా స్టార్టు చేయగలనా? క్లచ్ ప్లేట్లు మార్చగలనా? టాపెట్లు చెవితో కాక ఫీలర్ గేజితో సరిచేయగలనా? లైట్లు వెలగకపోతే మల్టీమీటరు పట్టుకొని తీగ ఎక్కడ తెగినదో కనుగొనగలనా? ఈ నాలుగింటికీ అవునని చెప్పగలిగితే షెడ్డు గూర్చి ఆలోచించవచ్చును. లేకపోతే మరి ఆరు నెలలు మేస్త్రి దగ్గరే ఉండుట మంచిది. ఆ ఆరు నెలలు నష్టము కాదు.

మరొక సంగతి. బండ్లు మారిపోయినవి. 2019 ఏప్రిల్ నుండి కొత్తగా అమ్మే బండ్లలో, 125 సి.సి. దాటిన వాటికి ఏ.బి.ఎస్. బ్రేకులు, అంతకు లోపు వాటికి కనీసము రెండు చక్రాల బ్రేకులు కలిసి పనిచేసే ఏర్పాటు తప్పనిసరి అయినది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నియమము వచ్చినది. అప్పటి నుండి వచ్చిన బండ్లలో దాదాపు అన్నింటికీ కార్బొరేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చినది. పాత మేస్త్రి కార్బొరేటర్ విప్పి ఊది బిగిస్తే బండి పలికేది. ఈ కొత్త బండిలో సెన్సారులు, పెట్రోలు పంపు, ఒక చిన్న కంప్యూటరు ఉంటాయి. బ్యాటరీ బలహీనమైతేనే బండి మొరాయిస్తుంది. మీటరు మీద ఇంజను గుర్తు లైటు వెలిగితే అది ఎందుకు వెలిగినదో చదివే పరికరము కావాలి. తెలియక ఒక్కొక్క తీగా పీకి చూచిన యెడల వందలలో పోయేది వేలలోనికి పోతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్లు కూడ పల్లెలకు వచ్చుచున్నవి. వాటి టైర్లు, బ్రేకులు, బేరింగుల పని మామూలు పనే గాని, వాటి లిథియం బ్యాటరీ పెట్టెను శిక్షణ లేనివారు విప్పకూడదు. అది కాలిపోవుటకును షాకు కొట్టుటకును అవకాశమున్నది.

ఇవి నేర్చుకొనుటకు మార్గములున్నవి. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సు ఉన్నది. అంత కాలము చదువలేనివారికి బ్యాంకులు జిల్లాలలో నడుపుచున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నవి. వీటిని ఆర్‌సెటి అని పిలుచుదురు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతిని చూచి తరువాత దేశమంతటా పెట్టినవి ఇవి. ద్విచక్ర వాహనముల మరమ్మతు సుమారు నెల రోజుల పాటు నేర్పుదురు. శిక్షణ ఉచితము, భోజనము వసతి కూడ ఉచితము. అక్కడ పనితో పాటు లెక్క వ్రాయడము, బ్యాంకుతో మాట్లాడడము కూడ చెప్పుదురు. పని వచ్చిన యువకునికి కూడ ఆ నెల రోజులు వృథా కావు.

మరొక మాట. నేర్పిన మేస్త్రితో పోట్లాడి బయటికి రాకూడదు. అతని షెడ్డు ఎదుటనే షెడ్డు పెట్టడము, అతని బేరములను చాటుగా పిలుచుకొనడము మంచిది కాదు. చెప్పి, దీవెన తీసుకొని రావాలి. రేపు విప్పిన ఇంజను బిగించలేక చిక్కుపడిన నాడు పరుగెత్తవలసినది ఆ మేస్త్రి దగ్గరకే.

ఇల్లు, షెడ్డు - మధ్య ఎడము

ఇంటి ముందు షెడ్డు వలన అద్దె ఉండదు. రాత్రి కాపలా అక్కరలేదు. మధ్యాహ్నము ఇంటి అన్నము దొరుకుతుంది. ఇవన్నీ లాభములే. అయితే పెట్రోలు ఉన్నచోట పొయ్యి ఉండకూడదను సంగతి మరువకూడదు.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోదు, నేల మీద పాకి పల్లపు చోట నిలుస్తుంది. అక్కడికి అగ్గిపుల్ల గాని పొయ్యి మంట గాని వస్తే చాలును. కావున వంటపాక వైపు కాక, వీధి వైపు షెడ్డు వేసుకోవాలి. మూడు వైపులా గోడలు కట్టి మూసివేయక, గాలి ఆడేటట్లు ఉంచాలి. మూసిన గదిలో ఇంజను నడిపితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తెలియకుండానే మనిషి పడిపోతాడు. సామాన్లు కడుగుటకు పెట్రోలు వాడే అలవాటు మానుకొని, డీజిలు వాడుట కొంత మేలు. షెడ్డులో పొడి ఇసుక బకెట్లు రెండు, ఒక పొడి మందు సిలిండరు ఎప్పుడూ ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే మంట ఇంకా పరచుకుంటుంది. ఈ సంగతి ఇంటిలోని ఆడవారికి, పిల్లలకు కూడ చెప్పియుంచాలి.

బ్యాటరీ చార్జింగు పెట్టినప్పుడు దాని నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాని దగ్గర బీడీ గాని, నిప్పురవ్వ గాని ఉండకూడదు. నీళ్ళ సీసాలలో బ్యాటరీ ఆసిడ్ గాని, శీతల పానీయము సీసాలో పెట్రోలు గాని పోసి ఉంచకూడదు. దాహమైన పిల్లవాడు సీసాను చూస్తాడే గాని లోపల ఏమున్నదో చూడడు.

నేల సిమెంటు చేయించుట మొదటి ఖర్చుగా పెట్టుకోవాలి. మట్టి నేల అయితే కారిన ఆయిలంతా భూమిలోనికి దిగుతుంది. పదడుగుల దూరములో చేతిపంపు ఉన్నదని మరువకండి. వాడిన ఇంజను ఆయిలును మురికి కాలువలో గాని, పంట బోదెలో గాని పోయరాదు. 2016 నాటి నియమముల ప్రకారము అది ప్రమాదకరమైన వ్యర్థము. ఒక డ్రమ్ములో మూతపెట్టి దాచి, అనుమతి ఉన్న కొనుగోలుదారునికే ఇవ్వాలి. పాత బ్యాటరీలు కూడ అంతే. 2022లో వచ్చిన నియమములు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను తయారుచేయువారి మీద పెట్టినవి గనుక అమ్మిన దుకాణమునకే తిరిగి ఇవ్వవచ్చును.

అప్పు ఎంత, ఎక్కడ

ఇప్పుడు ఆ అరెకరము మాట. మా సలహా ఒక్కటే: భూమి అమ్మి షెడ్డు పెట్టవద్దు. మొదటి ఏడు షెడ్డుకు కావలసినది పెద్ద పెట్టుబడి కాదు, నమ్మకము. నమ్మకమును డబ్బు పెట్టి కొనలేము.

మొదట కావలసిన సామాను ఇంతే: డబుల్ ఎండ్ పానాలు ఒక సెట్టు, రింగు పానాలు ఒక సెట్టు, సాకెట్ పెట్టె, 8, 10, 12, 14 సైజుల టి-స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, రెండు రకముల సుత్తులు, మాగ్నెట్ పుల్లరు, ఫీలర్ గేజి, మల్టీమీటరు, బల్లకు బిగించే వైసు, కాలితో కొట్టే గాలి పంపు, పంక్చరు సామాను. పానాలు మాత్రము చవుకవి కొనవద్దు. చవుక పానా జారి నట్టు అంచులు అరిగిపోతే ఆ నట్టు తీయడానికి అరపూట పడుతుంది. కంప్రెసరు, వాటరు సర్వీసింగు మిషను, హైడ్రాలిక్ బల్ల మొదటి రోజే అక్కరలేదు. పని వాటిని అడిగినప్పుడు కొనవచ్చును. స్పేరు సామానులో కూడ క్లచ్ కేబుళ్ళు, బ్రేకు షూలు, ప్లగ్గులు, బల్బులు, ట్యూబులు, ఆయిలు డబ్బాలు వంటి రోజూ కదిలేవి మాత్రమే ఉంచి, మిగిలినవి బండి వచ్చిన నాడు పట్టణము నుండి తెప్పించుకోవాలి. అలమరలో దుమ్ము పట్టిన సామాను నిద్రపోవుచున్న డబ్బు.

ఇందుకు అప్పు కావలసివస్తే, వడ్డీ లెక్క కాగితము మీద వేసి చూడండి. ఊరిలో నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చినారనుకుందాము. నెలకు 1,500 వడ్డీ. మూడేళ్ళు కట్టితే 54,000 అవుతుంది. అయినా అసలు 50,000 అలాగే నిలిచియుంటుంది. అదే 50,000 బ్యాంకులో ఏడాదికి 12 శాతము వడ్డీకి మూడేళ్ళ వాయిదాలకు తీసుకుంటే నెలకు సుమారు 1,660 రూపాయలు కట్టాలి. మూడేళ్ళ తరువాత అసలు, వడ్డీ రెండూ తీరిపోతాయి. నెలకు 160 రూపాయల తేడాతో ఒక కుటుంబము అప్పులో ఉండడము, అప్పు లేకుండడము ఆధారపడియున్నది. ఇంటి పెద్దలు కొడుకును కూర్చోబెట్టుకొని ఈ లెక్క వేయవలెను.

2015 ఏప్రిల్‌లో ప్రారంభమైన ముద్ర పథకములో శిశు అనే తరగతి క్రింద 50,000 వరకు, కిశోర్ తరగతి క్రింద 5 లక్షల వరకు, ఆస్తి హామీ లేకుండా అప్పు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. దీనికి మధ్యవర్తి అక్కరలేదు. "బ్యాంకులో నాకు తెలిసినవారున్నారు, అయిదు వేలు ఖర్చవుతుంది" అనేవారిని నమ్మవద్దు. 2008లో ఆరంభించిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము నియమముల ప్రకారము గ్రామములలోని ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ కుటుంబములకు, స్త్రీలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతము సబ్సిడీ, 5 శాతము సొంత వాటా. మీరు దరఖాస్తు పెట్టే సంవత్సరములో దాని నియమములేమిటో జిల్లా పరిశ్రమల కేంద్రములో అడిగి తెలుసుకోవాలి. 2023 సెప్టెంబరులో వచ్చిన విశ్వకర్మ పథకములో కూడ పేరు వ్రాయించవచ్చునని కొందరు చెప్పుచున్నారు. అది వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, దర్జీ మొదలైన 18 వృత్తులకు. అందులో మోటారు మెకానిక్ లేడు. దానికొరకు తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు.

సబ్సిడీ కొరకు షెడ్డు పెట్టకూడదు. షెడ్డు కొరకు సబ్సిడీ అడగాలి.

కాగితములు

ముందుగా ఉద్యమ్ నమోదు. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్నది. ఆధార్ నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటులో చేసుకోవచ్చును. రుసుము లేదు. అప్పు అడుగుటకు ఇది ఉపయోగము. తరువాత పంచాయతీ కార్యాలయములో వ్యాపార అనుమతి గూర్చి అడగాలి. కరెంటు సంగతి ముఖ్యము. ఇంటి మీటరు నుండి కంప్రెసరుకు, వెల్డింగుకు తీగ లాగుట నియమ విరుద్ధము. తనిఖీ వచ్చిననాడు కట్టే జరిమానా ఏడాది బిల్లు కంటె ఎక్కువ కావచ్చును. పని పెరిగిన వెంటనే వేరు మీటరుకు దరఖాస్తు పెట్టాలి. జి.ఎస్.టి. విషయములో భయపడనక్కరలేదు. ఇట్టి సేవా పనికి ఏడాదికి 20 లక్షల రాబడి దాటువరకు నమోదు అక్కరలేదు. అయితే మీరు కొనే స్పేరు సామాను మీద పన్ను మీరు కట్టుచునే ఉన్నారు. 2025 సెప్టెంబరు 22 నుండి బండ్ల విడిభాగములన్నిటికీ ఆ పన్ను 18 శాతము అయినది. అంతకుముందు అనేకమైన వాటికి 28 ఉండేది. పాత ధర చెప్పి అమ్మేవారిని బిల్లు అడగండి.

అరువు

షెడ్డుకు తాళము వేయించేది ఇదే. ఊరిలో అందరూ మనవారే. బాబాయి వస్తాడు, బావమరిది వస్తాడు, సంఘ పెద్ద వస్తాడు. "పంట వచ్చాక ఇస్తానురా" అంటాడు. కాదంటే కోపము. అవునంటే, పంట వచ్చాక ఆ డబ్బు ముందు ఎరువుల కొట్టుకు, తరువాత పెళ్ళికి పోతుంది. మెకానిక్కు చివరకు మిగులుతాడు. పైగా బాకీ ఉన్న బావమరిది మొగము చాటేసి, తరువాతి సర్వీసింగు పట్టణములో చేయించుకుంటాడు. డబ్బు పోయినది, బేరము పోయినది, బంధుత్వము కూడ పోయినది.

కావున మొదటి దినము నుండే ఒక నియమము పెట్టుకోవాలి. కూలి అరువు ఇవ్వదలిస్తే ఇవ్వవచ్చును. అది మన కష్టము, మన చేతిలో ఉన్నది. స్పేరు సామాను మాత్రము అరువు ఇవ్వకూడదు. అది మరొకరి దుకాణములో మనము డబ్బు కట్టి తెచ్చినది. "సామాను డబ్బులు ముందు ఇవ్వండి బాబాయ్, నా కూలి తరువాత చూసుకుందాము" అని నెమ్మదిగా చెప్పితే తప్పుపట్టేవారు తక్కువ. అరువు ఎంత ఇచ్చినా ఒక పుస్తకములో వ్రాసి, ఇచ్చిననాడే బండి యజమానికి చూపించాలి.

సంఘములోని పెద్దలకు కూడ ఒక మాట. మన సంఘ బిడ్డ షెడ్డు పెట్టినాడంటే అది ఉచిత సేవాకేంద్రము కాదు. కాపరి బండి అయినా, పెద్ద బండి అయినా కూలి ఇచ్చి చేయించుకోవాలి. అతనిని ప్రోత్సహించే మార్గము అదే.

లెక్క పుస్తకములో మూడు గళ్ళు చాలును: వచ్చినది, సామానుకు పోయినది, ఇంటికి తీసుకున్నది. సాయంత్రము గల్లాపెట్టెలో 2,000 ఉంటే అది లాభము కాదు. అందులో 1,300 రేపు స్పేరు దుకాణమునకు పోవలసినదైతే మిగిలినది 700. కరెంటు, వాయిదా దానిలోనుండే పోవాలి. ఈ పుస్తకము ఇంటి ఇల్లాలు గాని, తల్లి గాని వ్రాస్తే మరీ మంచిది. గ్రీజు చేతులతో వ్రాసే లెక్క సగము చెరిగిపోతుంది.

చేతి క్రింద ఉన్న ప్రాణములు

ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. బట్ట సరిగా కుట్టకపోతే విప్పి కుట్టవచ్చును. బ్రేకు సరిగా బిగించకపోతే మరల బిగించుటకు మనిషి తిరిగిరాడు. బండి మీద తండ్రి ముందు పిల్లవాడు కూర్చుంటాడు, వెనుక తల్లి చంటిబిడ్డతో కూర్చుంటుంది. నలుగురి ప్రాణము ఒక కేబులు మీద, ఒక నట్టు మీద ఉన్నది.

కావున ఏ పనికి వచ్చిన బండి అయినా సరే, పంపించేముందు అయిదింటిని చేతితో పట్టి చూడాలి: ముందు బ్రేకు, వెనుక బ్రేకు, రెండు చక్రాల యాక్సిల్ నట్టులు, గొలుసు బిగువు, లైట్లు. గొలుసు మధ్యలో సుమారు రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. మరీ బిగిస్తే బేరింగు పోతుంది, మరీ వదులైతే పరుగులో జారి చక్రమును పట్టేస్తుంది. డిస్కు ప్యాడుకు గ్రీజు చేయి తగలకూడదు. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది గనుక మూత తెరచి ఉంచిన డబ్బాలోనిది పోయకూడదు. దానిలో ఇంజను ఆయిలు చుక్క కలిసినా రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకు పనిచేయదు. బ్రేకు షూల దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

మార్చిన పాత సామానును ఒక కాగితములో చుట్టి యజమానికి ఇవ్వండి. అతడు దానిని పారవేయవచ్చును గాని, మీరు మార్చినారను నమ్మకము అతనితో ఇంటికి పోతుంది. కంపెనీ సామాను ధర తీసుకొని డూప్లికేటు వేయుట దొంగతనమే. పేదవాడు చవుకది అడిగితే, "ఇది చవుకది, ఇంత కాలమే వస్తుంది" అని చెప్పి వేయవచ్చును. బ్రేకు విషయములో మాత్రము చవుకది అడిగినా వేయవద్దు. శబ్దము చేసే సైలెన్సర్లు బిగించుట, నంబరు ప్లేట్లు మార్చుట, కాగితములు లేని బండిని విప్పుట వలన వచ్చే డబ్బు ఎక్కువగానే ఉంటుంది. ఆ డబ్బు వెంట పోలీసు స్టేషను మెట్లు కూడ వస్తాయి.

ఇంటివారి సమాధానము

ఇంటి ముందు షెడ్డు పెట్టినప్పుడు ఇల్లు కూడ వ్యాపారములో భాగమవుతుంది. పొద్దుపోయిన తరువాత బండి నెట్టుకొని వచ్చి తలుపు కొట్టేవారుంటారు. పని లేకపోయినా బల్ల మీద కూర్చొని సిగరెట్లు కాల్చేవారుంటారు. సాయంత్రము తాగి వచ్చి మాటలు పెంచేవారుంటారు. ఇంటిలో ఆడపిల్లలున్నారు. కావున షెడ్డుకు, ఇంటి వాకిలికి మధ్య తడిక అయినా కట్టాలి. తెరచే వేళ, మూసే వేళ బోర్డు మీద వ్రాయాలి. ఆపదలో ఉన్నవారికి అర్ధరాత్రి అయినా తలుపు తీయవచ్చును. కాలక్షేపమునకు వచ్చినవారికి తీయనక్కరలేదు. ఆదివారము షెడ్డు మూసియుండాలి. ఏడు రోజులు తెరచిన షెడ్డు ఎక్కువ సంపాదించదు, ఎక్కువ అలసిపోతుంది. అలసిన చేతి క్రింద నట్టు వదులుగా ఉండిపోతుంది.

సహాయమునకు కుర్రవాడిని పెట్టుకొనునప్పుడు వయస్సు చూడాలి. 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకొనుట చట్టప్రకారము నేరము. 2016లో ఆ చట్టమును ఇంకా గట్టిపరిచినారు. "ఊరికే తిరుగుచున్నాడు, పని నేర్చుకుంటాడు" అని తల్లిదండ్రులే తీసుకొనివచ్చినా, "ముందు బడికి పంపించండి, చదువు అయ్యాక నేనే నేర్పిస్తాను" అని చెప్పగలవాడే మంచి మేస్త్రి.

ఇక ఆ సహోదరికి

అమ్మా, మీరు ఎవరి పక్షమూ మాట్లాడనక్కరలేదు. తండ్రిగారి భయములో న్యాయమున్నది: కొడుకు ఊరిలో చతికిలపడతాడేమో అని ఆయన భయము. కుమారుని ఆశలోను న్యాయమున్నది. ఒక సంవత్సరము గడువు పెట్టుకోమని ఇద్దరితోను చెప్పండి. ఈ సంవత్సరము భూమి అమ్మకూడదు, గల్ఫుకు అప్పు చేయకూడదు. కుమారుడు ఆర్‌సెటి శిక్షణకు వెళ్ళి రావాలి. 50,000కు మించకుండా సామాను కొనుక్కోవాలి. ప్రతి రాత్రి లెక్క పుస్తకము తండ్రిగారి చేతికి ఇవ్వాలి. పన్నెండు నెలలు అయ్యాక ముగ్గురూ కూర్చొని ఆ పుస్తకము తెరవండి. వాయిదాలు తప్పకుండా కట్టి, ఇంటికి కూలి మిగిలినట్లయితే షెడ్డును పెంచుకోవచ్చును. మిగలకపోతే పానాల పెట్టె ఎక్కడికి పోదు. అది పట్టుకొని పట్టణములో కంపెనీ సర్వీసు సెంటరులో ఉద్యోగము అడగవచ్చును. గల్ఫుకే వెళ్ళవలసివస్తే, ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారా, చేతి పని చూపించి వెళ్ళవచ్చును. అరెకరము మాత్రము మీదిగానే ఉంటుంది.

లెక్క పుస్తకము తండ్రిగారి చేతికి ఎందుకు ఇమ్మన్నామో మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ ఇంటిలో ఇప్పుడు బాగుపడవలసినది ముందుగా తండ్రీ కొడుకుల మధ్య మాట. అంకెలు చూచుటకైనా ఇద్దరూ రోజుకొకసారి ఒకే దీపము క్రింద కూర్చుందురు.

ఈ శీర్షిక చదివే యువకులారా, మీ ఊరిలో ఇట్టి పని మొదలుపెట్టదలచిన యెడల, మొదటి బండిగా మీ సొంత బండిని విప్పి బిగించి, దాని మీద మీ అమ్మను కూర్చోబెట్టుకొని సంత వరకు వెళ్ళిరండి. ఆ ప్రయాణములో మీకు భయము కలుగకపోతే, ఇతరుల బండ్లు తీసుకొనుటకు మీరు సిద్ధమే. ప్రభువు మీ చేతి పనిని స్థిరపరచును గాక.